వాయుగుండం ఎటు పోవాలని కోరుకోవాలి?

మొన్న ఆవకాయల రోజుల్లో, ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు తీసుకుందామని మంగళగిరి బజారులో ఒక కొట్టుకు వెళ్ళాను. ఈ పని నేను ఎవరికీ అప్పగించను. కారం పొడి ప్యాకెట్లలో కొనుక్కునే స్థితికి మా ఇల్లు ఇంకా దిగలేదని నా నమ్మకం; మా కోడలు దాన్ని చాదస్తం అంటుంది, అననివ్వండి. కొట్టతను బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు నా ముందు పోశాడు. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి, తేమ ఉన్న కాయ మూగగా ఉంటుంది. మిరప పండించిన ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఆ కాయ మూగగా ఉంది.

"అంతా కోల్డ్ స్టోరేజీ కాయేనండి బాబాయిగారూ, ఇంటికాడ ఒక ఎండ చూపిస్తే సరిపోద్ది" అన్నాడు కొట్టతను. అతను చెప్పింది నిజమే కావచ్చు. నేను మాత్రం ఆ కాయను చేతిలో పట్టుకుని చాలాసేపు కదలకుండా నిలబడ్డాను. నా కళ్ళ ముందు మా పెద్దచేను పక్కన కళ్ళం, దాని మీద తడిసిన మిరపరాశి, దాని పక్కన మా అన్నయ్య.

మాది పర్చూరు వైపు నల్లరేగడి నేల. సముద్రం మాకు మరీ దూరమేమీ కాదు గాని, మా ఇంట్లో ఎవరూ సముద్రాన్ని లెక్కచేసేవాళ్ళు కాదు. అది చేపలవాళ్ళ వ్యవహారం, మాది భూమి వ్యవహారం. మా తాతగారి రోజుల్లో ఊరి తగువులు మా వసారాలోనే తీరేవి, కలెక్టరు వచ్చినా మా ఇంట్లోనే భోజనం. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. తరవాత పొగాకు కాల్చే బేరన్లలో కొంత, కోర్టుల్లో కొంత పోయి, మా తరానికి వచ్చేసరికి పాత డాబా, దాని వెనక పశువుల్లేని పశువుల చావడి, రోడ్డు పక్కన పెద్దచేను మాత్రం మిగిలాయి. అన్నయ్య చేను చూసుకున్నాడు. నేను సైన్సు చదివి, సముద్రాన్ని పరిశోధించే ఒక ప్రభుత్వ సంస్థలో చిన్న ఉద్యోగంలో చేరాను. మా వంశంలో ఒకరి కింద పనిచేసినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. బంధువులు పెళ్ళిళ్ళల్లో కనిపించినప్పుడల్లా, "ఏరా, సముద్రంలో ఎన్ని బిందెలున్నాయో తేలిందా?" అని అడిగి నవ్వేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి కాదు. నిటారుగా కూర్చుని విస్తట్లో ఉన్నది తినేసి లేచేవాణ్ణి.

ఆ రోజుల్లోనే బంగాళాఖాతం ఒడ్డున ఉన్న దేశాలు కొన్ని కలిసి, సముద్రం ఎంత వేడెక్కుతోందో, దానివల్ల ఒడ్డున బతికేవాళ్ళకు ఏం ముంచుకు రాబోతోందో ఉమ్మడిగా కొలుద్దామని ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ఏ దేశానికి ఆ దేశం విడిగా కొలిస్తే పక్క దేశం నమ్మదు. సముద్రానికేమో సరిహద్దు గట్లు ఉండవు. అందుకని అందరినీ ఒకే ఓడ ఎక్కించారు. పరికరాలు కడిగి, తుడిచి, తాడుకు కట్టి దించే పనుల మీద నన్ను కూడా పంపారు. అక్కడ మాకు తోడుగా శ్రీలంక నుంచి ఒక పెద్దావిడ వచ్చేది, తెల్లజుట్టు ముడివేసుకుని, చెప్పిందే మళ్ళీ చెప్పకుండా మాట్లాడే మనిషి. బంగ్లాదేశ్ నుంచి ఒక పొడుగాటి మాస్టారు వచ్చేవాడు. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో సముద్రం మీదికి వచ్చేవాడు. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగేవి గాని, నాకిప్పుడు తలుచుకుంటే అవన్నీ తెలుగులోనే వినపడతాయి.

మా పని పద్ధతి ఒకటుండేది, దాన్ని ఇప్పటి పిల్లలకు చెబితే ఆటలా ఉందంటారు. ఒకే తాడుకు మూడు దేశాల పరికరాలు పక్కపక్కన కట్టి లోతుకు దించేవాళ్ళం. పైకి తీశాక ఎవరి అంకె వాళ్ళు ఒక చీటీ మీద రాసుకుని బల్ల మీద బోర్లించి పెట్టాలి. అందరూ రాశాకనే ఒక్కసారి తిప్పాలి. తిప్పగానే గొడవ మొదలయ్యేది. ఒకరి అంకె ఒకరితో కలిసేది కాదు. "మీ పరికరం మీ కూరలాంటిదే, ప్రతిదాన్నీ ఎక్కువ చేసి చూపిస్తుంది" అని మాస్టారు ఆవిణ్ణి ఏడిపించేవాడు. "మీదాన్ని ముందు నిద్ర లేపండి, తరవాత మాట్లాడదాం" అని ఆవిడ చురక వేసేది. మళ్ళీ దించేవాళ్ళం, మళ్ళీ తీసేవాళ్ళం. తేడా ఎక్కడ వచ్చిందో ముగ్గురూ ఒప్పుకునేదాకా ఆ అంకెకు విలువ లేదు. భోజనాల దగ్గర మా వదిన పంపిన కారం డబ్బా మూత తీస్తే మాత్రం దేశాలన్నీ ఏకమయ్యేవి. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే ఆ పెద్దావిడ, "మా దగ్గర దీన్ని చిన్నపిల్లలకు పెడతాం" అనేది.

అలా కొన్నేళ్ళు గడిచాక, ఒక వేసవిలో ఒక రోజు పొద్దున చీటీలు తిప్పితే, మూడూ ఒకే మాట చెప్పాయి. అన్నేళ్ళలో అలా జరగడం అదే మొదలు. వేసవిలో సముద్రం పైన వేడిగా ఉండటం అందరికీ తెలిసిందే. కాని ఆ ఏడు వేడి పైపైన ఆగలేదు, ఎప్పుడూ చల్లగా ఉండే లోతులకి దిగి కూర్చుంది. మా నల్లరేగడి పైన ఎండి నెర్రెలు విచ్చినా లోపల తేమను ఎన్నాళ్ళు దాచుకుంటుందో, సముద్రం అలాగే వేడిని దాచుకుని ఉంది. అటువంటి నీటి మీదికి ఒక వాయుగుండం వస్తే, అది తినడానికి ఎంత కావాలంటే అంత ఉంది. ముగ్గురి అంకెలు కలిసినందుకు ఒక్కరూ సంతోషించలేదు. "ఈసారి పోట్లాడుకోవడానికి ఏమీ లేదు" అని మాస్టారు చీటీలు దగ్గరకు తీసి సర్దాడు. ఆవిడ తన కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఓడ అంచున కమ్మీ పట్టుకుని నిలబడ్డప్పుడు మాస్టారు తన ఊరి సంగతి చెప్పాడు. సముద్రం వాళ్ళ ఇంటికి వచ్చి పోయే చుట్టమట. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకుపోతుందట, ఒకసారి గొడ్లను, ఒకసారి బడి పైకప్పును. మీవైపు ఎలా ఉందని నన్ను అడిగాడు. మా కళ్ళాల మీద ఇప్పుడు మిరపకాయలు ఎండుతున్నాయని చెప్పాను. కళ్ళం అంటే ఏమిటని అడిగితే, చేను పక్కన నేలను చదునుగా కొట్టి, అలికి, దాని మీద పంటను ఎండపోసే చోటని, పైన ఆకాశం తప్ప ఏమీ ఉండదని వివరించాను. "అయితే మీరూ మాలాగే పైన కప్పు లేనివాళ్ళన్నమాట" అన్నాడాయన. మా తాతగారి డాబా గురించి చెప్పబోయి మానుకున్నాను.

ఓడ దిగాక మా అంకెలు మూడు ప్రభుత్వాల బల్లల మీద తిరిగి, సంతకాలై బయటికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో మాకు తెలుసు. అప్పటికి ఆ వేసవే ఉండదు. నేను సెలవు పెట్టి తిన్నగా ఊరికి వెళ్ళాను. కాలవ నీళ్ళు ఆలస్యమై ఆ ఏడు మా చేను పంట కూడా ఆలస్యమైంది. ఊళ్ళో చాలామంది కాయ ఎత్తేసుకున్నా, మాది కళ్ళం నిండా ఉంది. మంచి కాయ. అన్నయ్య పిలిచి మరీ చూపించాడు. ఆ పంట చేతికొస్తే అప్పు తీరి పెద్దచేను మాకు నిలుస్తుంది, రాకపోతే నిలవదు. ఈ మాట అన్నయ్య నోటితో చెప్పలేదు, మా ఇంట్లో అటువంటివి చెప్పుకునే అలవాటు లేదు. వదిన కళ్ళల్లో కనపడింది.

కాయ ఎండింది కదా, టిక్కీలకు ఎత్తించి ఎక్కడైనా కప్పు కిందకు చేర్చమన్నాను. మా వైపు మిరప బస్తాను టిక్కీ అంటారు. అన్నయ్య నా వంక వింతగా చూశాడు.

"ఎల్లుండి మేర ఉందిగా. అదవకుండా ఎట్టా ఎత్తుతాం?"

మేర అంటే తెలియనివాళ్ళు ఇప్పుడు చాలామంది ఉంటారు. పూర్వం ఊళ్ళో వడ్రంగం, కమ్మరం, చాకిరేవు, క్షౌరం చేసే ఇళ్ళవాళ్ళకు రైతు ఏడాది పొడుగునా డబ్బు ఇచ్చేవాడు కాదు, పంట వచ్చినప్పుడు కళ్ళం మీద రాశిలోంచి వాళ్ళ భాగం కొలిచి ఇచ్చేవాడు. అందరూ ధాన్యానికే ఆ పద్ధతి పాటిస్తే, మా తాతగారు మిరపకు కూడా పెట్టారు. ఊరంతా మానేసినా మా ఇల్లు మానలేదు. ఆ ఇళ్ళవాళ్ళు మాత్రం ఊళ్ళో ఉన్నారా? ఒకరు చీరాలలో సెలూను పెట్టుకున్నారు, వడ్రంగి ఆయన మంగళగిరిలో కొత్త ఇళ్ళకు తలుపులు బిగిస్తున్నాడు. ఆ కాస్త మిరపకాయల కోసం వాళ్ళు రావలసిన అవసరం లేదు. అయినా మేర అని కబురు పెడితే పని మానుకుని వచ్చేవాళ్ళు. మా మీద గౌరవం వల్లనో, మా అన్నయ్య ముఖం చూడలేకనో నేను చెప్పలేను.

ముందు టిక్కీలకు ఎత్తించి, వాళ్ళు వచ్చాక ఒక టిక్కీ విప్పి ఇవ్వకూడదా అన్నాను. అన్నయ్యకు కోపం రాలేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "మూట విప్పి ఇస్తే అది దానమవుద్దిరా. రాశిలోంచి ఇస్తేనే వాళ్ళ హక్కు. మనం దానం చెయ్యటానికి వాళ్ళేమన్నా అడుక్కునేవాళ్ళా?"

  నాకు తెలిసిందల్లా చెప్పుకొచ్చాను. సముద్రం వేడిగా ఉందన్నయ్యా అన్నాను. "ఎండాకాలం ఏడిగా ఉండక సల్లగా ఉంటదా?" అన్నాడు. పైన కాదు, లోపల అన్నాను. రేగడిలో తేమ సంగతి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. తరవాత అడిగాడు: "సరే, వానొచ్చిద్దా రాదా? ఒక్క ముక్కలో చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. మూడు దేశాలవాళ్ళం కలిసి కొలిచింది అబద్ధం కాదు. కాని అది ఎల్లుండి మా కళ్ళం మీద ఏం జరుగుతుందో చెప్పే విద్య కాదు. పొయ్యి రాజుకుని ఉందని తెలుసు, దాని మీదికి ఏ గిన్నె ఎప్పుడు వస్తుందో తెలియదు. "రావొచ్చు" అన్నాను. అన్నయ్య తలపంకించి కళ్ళం వైపు వెళ్ళిపోయాడు. మేర రేపటికే జరుపుదామని వాళ్ళకు ఫోన్లు చేశాను. చీరాల నుంచి, "మా పాలు మీరే తీసి పక్కన పెట్టండి బాబూ, మాకేం పట్టింపు లేదు" అన్నారు. అన్నయ్య ఒప్పుకోలేదు. మనిషి లేకుండా హక్కు ఎవరి చేతిలో పెడతాం అన్నాడు. ఊళ్ళో టార్పాలిన్ పట్టల కోసం తిరిగాను. ఉన్నవి చిరుగులవి, రాశిలో సగానికైనా చాలవు.

మర్నాడు రేడియోలో అల్పపీడనం వాయుగుండమైందని చెప్పారు. ఇటు మన తీరానికి రావచ్చు, లేదా ఉత్తరంగా తిరిగి బంగ్లాదేశ్ వైపు పోవచ్చు అన్నారు. వదిన అప్పుడే దేవుడి గూటి ముందు దీపం పెట్టి, "ఎటన్నా పోనీ తల్లీ, మా మీదికి మాత్రం రానీయమాకు" అని పైకే మొక్కుకుంది. తరవాత నా వైపు తిరిగి, "నువ్వు కూడా ఒక దణ్ణం పెట్టవయ్యా, నీ చదువెటూ అక్కరకు రాలేదు" అంది. ఎత్తిపొడుపు కాదు, ఆవిడ మాట తీరే అంత.

నేను గూటి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. చేతులు ఎత్తలేకపోయాను. ఎటన్నా పోనీ అని వదిన ఎంత తేలిగ్గా అనగలిగింది! ఆవిడకు ఆ 'ఎటన్నా' అనే చోట ఎవరూ లేరు. నాకు అక్కడ కాలేజీ మాస్టారు ఉన్నాడు, చుట్టంలా వచ్చి పోయే సముద్రం పక్కన ఆయన ఇల్లు, ఇంట్లో ఆయన వాళ్ళు ఉన్నారు. వాయుగుండం మా మీదికి రాకూడదని మొక్కితే ఆయన మీదికి పొమ్మని మొక్కినట్టే. అటు పోకూడదని మొక్కితే అన్నయ్య చేనును నా చేతులతో నేనే పోగొట్టినట్టు. సముద్రం అంతా ఒకటేనని చెప్పుకోవడానికి మా సమావేశాల్లో ఎంతో బావుండేది. ఆ దీపం ముందు నిలబడ్డప్పుడు తెలిసింది, ఒకటే అయిన సముద్రంలో నాకంటూ అడుక్కోవడానికి ఏమీ మిగలదని. దణ్ణం పెట్టకుండానే వెనక్కి వచ్చేశాను. వదిన చూసింది.

అది ఉత్తరంగా తిరగలేదు. మేర నాటి పొద్దున ఆకాశం రాగి చెంబు రంగుకు తిరిగింది, టిఫిన్ల వేళకు గాలి, ఆ వెంటనే వాన. వేసవి జల్లు కాదు అది, పడితే ఆగని వాన. పట్టలు మొదటి విసురుకే లేచిపోయి తుమ్మచెట్లకు చుట్టుకున్నాయి. అన్నయ్య, నేను, వదిన, పక్క చేను కూలీలు కొందరు బుట్టలతో ఎత్తుతుంటే, ఎత్తినదానికంటే తడిసిందే ఎక్కువ. కళ్ళంలోంచి ఎర్రటి నీళ్ళు చేను గట్టు పక్క బోదె కాలవలోకి పారుతున్నాయి.

ఆ వానలోనే వాళ్ళు వచ్చారు. వస్తారని నేను అనుకోలేదు. మంగళగిరి నుంచి వడ్రంగి ఆయన లారీ ఎక్కి, అడ్డరోడ్డు దగ్గర దిగి, మోకాటి లోతు నీళ్ళలో నడిచి వచ్చాడు. చీరాలవాళ్ళు వచ్చారు, తక్కిన ఇళ్ళవాళ్ళూ వచ్చారు. తలా ఒక బుట్ట అందుకుని మాతోపాటు ఎత్తారు. ఎత్తగలిగింది డాబాలో పోశాం. ఇక ఎత్తి లాభం లేదని అందరికీ తెలిశాక, ఒకరి తరవాత ఒకరు ఆగిపోయారు.

అన్నయ్య అప్పుడు రాశి దగ్గరకు వెళ్ళాడు. కండువా తీసి నడుముకు బిగించి, మా తాతగారి నాటి కొలత బుట్ట తీసుకుని తడిసిన రాశిలో ముంచాడు.

"పెదబాబుగారూ, కాయ తడిసిందండి. ఎండినాక ఇద్దురుగాని" అన్నాడు వడ్రంగి ఆయన.

"పట్టు బాబాయ్" అన్నాడు అన్నయ్య.

ఆయన పై తువ్వాలు పరిచి పట్టాడు. అన్నయ్య వరసగా అందరికీ కొలిచాడు, ఎప్పుడూ కొలిచేటట్టే, చివర ఒక దోసెడు కొసరు వేసి. నీళ్ళు కారే ఆ కాయలు రెండు రోజుల్లో బూజు పడతాయని ఇచ్చేవాడికి తెలుసు, పుచ్చుకునేవాళ్ళకీ తెలుసు. అందరూ కళ్ళకద్దుకుని తీసుకున్నారు. నేను ఒక పక్కన నిలబడి చూస్తున్నాను. నాకు ఏడుపు రాలేదు. మా ఇంటివాణ్ణయినందుకు వెన్ను నిటారుగా నిలిచింది. చెయ్యగలిగింది ఏమీ లేనందుకు చేతులు వేలాడాయి. రెండూ ఒకేసారి.

పెద్దచేను మరుసటి ఏడు మా చేతిలో లేదు. అన్నయ్య ఆ రోడ్డున వెళ్ళడం మానేసి, పర్చూరుకు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఇప్పుడు ఆయన కూడా లేడు.

వాన వెలిసిన కొన్నాళ్ళకు మాస్టారు మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. మీ కళ్ళం ఎలా ఉందని అడిగాడు. కళ్ళం అన్న మాటను జాగ్రత్తగా, తెలుగులోనే పలికాడు. పోయిందని చెప్పాను.  "అది మీవైపు తిరిగిందని తెలియగానే మా ఇంట్లో మిఠాయి పంచుకున్నారు. నేను తినలేదు" అన్నాడు.  ఆ మాటకు నేను కృతజ్ఞతలు కూడా చెప్పలేకపోయాను.

కొన్నేళ్ళ తరవాత ఒకటి ఆయన వైపు తిరిగింది. ఆ రోజు మా ఆఫీసులో అందరూ తేలికపడి టీలు తెప్పించుకున్నారు. నేను ఆయన నంబరుకు ఫోన్ చేస్తూ కూర్చున్నాను. ఎవరూ ఎత్తలేదు. తరవాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. శ్రీలంక పెద్దావిడను అడిగితే తనకూ తెలియదంది. బతికి ఉండి ఉద్యోగం మారాడో, ఊరు మారాడో, నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఆ ఉమ్మడి ఏర్పాటు ఆగిపోలేదు, ఎదిగింది. ఇప్పుడు సముద్రంలో తమంతట తామే మునిగి తేలే పరికరాలున్నాయి. ఏ దేశం వేసినదైనా, అది కొలిచింది గంటల్లో అన్ని దేశాలకూ చేరుతుంది. చీటీలు బోర్లించనక్కర్లేదు, పోట్లాడుకోనక్కర్లేదు. తుఫాను ఏ ఊరి మీదుగా పోతుందో ముందే గీత గీసి చూపిస్తున్నారు, రైతులు కాయ ఎత్తుకుంటున్నారు. ఇదంతా మంచికే, కాదనను. మా అన్నయ్య అడిగిన ఒక్క ముక్కను ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. కాని ఒకే ఓడలో, ఒకే తాడు పట్టుకుని, ఒకరి కారానికి ఒకరు కళ్ళనీళ్ళు పెట్టుకునే పని ఇక ఎవరికీ పడటం లేదు. అంకెలకు అంకెలు తెలుస్తున్నాయి. మనుషులకు మనుషులు తెలియడం లేదు.

టీవీలో ఆ గీత మన తీరం దగ్గరకు వచ్చి, వంగి, ఉత్తరంగా పోయినప్పుడు మా వీధిలో అందరూ హమ్మయ్య అనుకుంటారు. నేనూ అక్కడే వాళ్ళ మధ్యనే కూర్చుని ఉంటాను. వాళ్ళంతా లేచి వెళ్ళిపోయాక కూడా, ఆ గీత చివర ఏ ఊరు దగ్గర ఆగిందో చూస్తూ ఉండిపోతాను.